డొక్కలో పోటు

పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుని "అబ్బా!" అన్నవాడికి మన ఇళ్లల్లో మొట్టమొదట దొరికేది మందు కాదు, ప్రశ్న. కాకినాడలో "ఏం తిన్నావ్?" అంటారు, కాగజ్‌నగర్‌లో "ఏం తిన్నవ్?" అంటారు. ఒక్క దీర్ఘమే తేడా. వెంటనే తీర్పు కూడా వస్తుంది: "నిన్న పెండ్లిల దబాయించి తిన్నవ్ గద బావా, మరి నొయ్యదా?" ఎంత డొక్కశుద్ధి గలవాళ్లయినా ఎదుటివాడి డొక్క దగ్గరికి వచ్చేసరికి న్యాయమూర్తులైపోతారు. నొప్పి చెప్పుకోవడానికి వచ్చినవాడు నేరం ఒప్పుకుని వెళతాడు.

తిండికి సంబంధమే లేదని కాదు. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లకు నెయ్యీ నూనే దండిగా పడ్డ భోజనం తర్వాత కుడి డొక్కలో పోటు లేవడం మామూలే. కాని ఆ రాళ్లు ఒక్క విందుతో పుట్టినవి కావు. పైగా ఈ నొప్పి మహా టక్కరిది. పిత్తాశయానికి బాధ కలిగితే కుడి భుజం నొస్తుంది. గుండెకు రక్తం అందకపోతే ఒక్కోసారి రొమ్ములో నొప్పే లేకుండా పొట్ట పైభాగం బరువెక్కుతుంది. ఊపిరితిత్తి అడుగున నిమ్ము చేరినా, మూట ఎత్తి కండ పట్టేసినా నొచ్చేది ఆ చోటే.

కడుపులో పుండు కథ చూడండి. అది కారం వల్లా, కోపం వల్లా వస్తుందని చాలాకాలం పెద్ద డాక్టర్లే అన్నారు. 1982లో ఆస్ట్రేలియాలో మార్షల్, వారెన్ అనే ఇద్దరు ఒక సూక్ష్మజీవిని పట్టుకున్నారు. చాలా పుండ్లకు మూలం అదేనని, మరికొన్నిటికి నొప్పి మాత్రలని తరవాత తేలింది. 2005లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. అన్నేళ్లూ కోపిష్ఠులని చివాట్లు తిన్న రోగులకు మాత్రం క్షమాపణ కూడా రాలేదు.

కాగజ్‌నగర్‌కు ఆ పేరే కాగితం మిల్లు వల్ల వచ్చింది. ఆ సిర్పూర్ మిల్లు 2014లో మూతబడి, 2018లో గాని మళ్లీ తెరుచుకోలేదు. అలాంటి రోజుల్లో ఒక కార్మికుడు డొక్క పట్టుకున్నాడనుకోండి. "పాపం, బెంగ" అంటాం. అది జాలే. కాని ఆ బెంగ మాటున ఒక రాయి ఉండవచ్చు, గుండెజబ్బు ఉండవచ్చు. జాలితో ఇచ్చినా తీర్పు తీర్పే.

ఆ చుట్టుపక్కల అడవి పల్లెల్లో, గోండు, కొలాం కుటుంబాల్లో, కొందరు పిల్లలకు ఎడమ డొక్కలో ప్లీహం ఉబ్బి నొప్పి పెడుతుంది. బల్ల పెరిగిందంటారు. మలేరియాతోనూ బల్ల పెరుగుతుంది, సికిల్ సెల్ జబ్బుతోనూ పెరుగుతుంది. ఈ రెంటికీ చిత్రమైన చుట్టరికం ఉంది. సికిల్ లక్షణం తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వస్తే ప్రాణాంతకమైన మలేరియా నుంచి చాలావరకు కాపాడుతుంది. ఇద్దరి నుంచీ వస్తే జబ్బవుతుంది. తాతకు డాలు అయినదే మనవడికి కత్తి అయింది. ఇందులో పాపం ఎవరిది? ఏ జన్మది?

కారణం వేరు, తప్పు వేరు. తెలిసీ మనం రెంటినీ ఎందుకు కలుపుతాం? భయం వల్ల. వాడు తిన్నాడు గనక వచ్చింది, నేను తినలేదు గనక నాకు రాదు! రోగిని అడిగినట్టే ఉంటుంది గాని, ఆ ప్రశ్నతో మనం ధైర్యం చెప్పుకునేది మనకే.

"మరి తాగి తాగి క్లోమం వాచినవాడి సంగతో?" అంటారు. అక్కడ తప్పుందనే అనుకుందాం. అయినా ముందు డాక్టరు, తరవాతే నీతిబోధ. వరస మారితే సిగ్గుపడి నొప్పి దాచుకుంటాడు. దాచుకున్న నొప్పి ప్రాణం మీదికి తెస్తుంది.

అందుకని ఈసారి ఎవరైనా డొక్క పట్టుకుంటే ప్రశ్న మార్చి చూడండి. "ఎప్పటిసంది నొస్తున్నది? చెమటలు పడుతున్నయా? దమ్ము ఆడుతున్నదా?" అని అడగండి. అవునన్నా, అనుమానం ఉన్నా, సోడా కోసం వెతక్కుండా దవాఖానకు తీసుకుపోండి. నిన్న పెళ్లిలో ఎన్ని గారెలు తిన్నాడో లెక్క తేల్చుకోవడానికి, అతను బతికి ఉంటే, బోలెడంత తీరిక ఉంటుంది.