గుఱ్ఱములను విప్పిన వేళ

అశోక్‌నగర్‌లో గది తీసికొని పోటీపరీక్షలకు చదువుచున్న యువకుడొకడు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయము కడ నాతో, "పంతులుగారూ, నిద్రపోయినా తప్పు చేసినట్టుంటోందండీ. అక్షరాలు కనబడుతున్నాయి, అర్థం తలకెక్కటం లేదు" అనెను.

నాకు ద్రోణపర్వము స్మరణకు వచ్చినది. సూర్యాస్తమయములోగా సైంధవుని వధింపనిచో అగ్నిప్రవేశమని అర్జునుని ప్రతిజ్ఞ. అట్టి దినముననే, శత్రుసేన నడుమ, శ్రీకృష్ణుడు గుఱ్ఱములను విప్పెను. అర్జునుడు నేలపై నిలిచి శత్రువుల నాపుచు, బాణముతో నీటిమడుగు కల్పించెను. స్వామి స్వహస్తములతో ములుకులు తీసి, మేనులు నిమిరి, నీరు త్రాగించెను. గడువు పొడిగింపబడలేదు, అయినను స్వామి దానిని కాలహరణముగా నెంచలేదు. మా పాఠశాలలో పాడ్యమి, అష్టమి తిథులు అనధ్యయనములు. ఆ విరామమును నేను బాల్యమున సంతోషముగా అనుభవించి, పెద్దవాడనై శిష్యులకు మాత్రము లోభించితిని.

"ఇంటికి పోయి నాలుగు దినములు విశ్రమింపుము" అంటిని.

"అమ్మానాన్నలకేం చెప్పనండీ?" అనెను.

ఆ ఉత్తరము నేనే వ్రాసి యిచ్చితిని.