నీట విడిచిన చేప

శ్రీమద్భాగవతము అష్టమస్కంధమున మత్స్యావతార కథ కలదు. ఓరుగల్లు సీమలోని బమ్మెరకు చెందిన పోతనామాత్యుడు దానిని తెనిగించి మన ఇండ్లకు తెచ్చెను. సత్యవ్రత మహారాజు కృతమాలానదిలో తర్పణము విడుచుచుండగా ఆయన దోసిట ఒక చిన్న చేప పడెను. రాజు దానిని తిరిగి ఏటిలో విడిచెను. అంతటితో తన బాధ్యత తీరినదని తలచియుండును. కాని ఆ చేప, ఏటిలో తనకు రక్షణ లేదని, విడువవలదని వేడుకొనెను. పురాణశ్రవణము చేయువారు పిమ్మట ఆ చేప పెరిగిన అద్భుతమును తలచుకొందురు గాని, రాజు మొదట చేసిన ఈ చిన్న పనిని అంతగా గమనింపరు. నీటి ప్రాణిని నీట విడిచినంతనే ధర్మము నెరవేరునా?

ఈ ప్రశ్న నేడు ఓరుగల్లు ప్రాంతపు వాగులకు, చెరువులకు వచ్చిపడినది. కొర్రమీను తెలంగాణ రాష్ట్ర మత్స్యము. వానకాలమున ఒడ్డునగల నాచు, తుంగల నడుమ గూడు చేసికొని గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు నీటిపై తేలును. పిల్లలు ఎఱ్ఱని గుంపుగా తిరుగుచుండగా పెద్దచేప కాచుకొనియుండును. వాన నెమ్మదిగా వచ్చి నీరు నిలిచిననే ఈ సంసారము సాగును. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటయందు 24 గంటలలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసెను. ఆ దినములలోనే మొరంచవాగు పొంగి మొరంచపల్లిని ముంచివేసెను. ఇండ్లే నిలువని వరదలో తేలు గ్రుడ్లు నిలుచునా?

ఏ ఒక్క వానకైనను కారణము ఇదియేయని తేల్చి చెప్పరాదు. అయితే భూమి సగటు వేడిమి పారిశ్రామిక యుగమునకు ముందటి కంటె ఒక డిగ్రీకి పైగా పెరిగినదనియు, ఒక్కొక్క డిగ్రీకి గాలి నూటికి సుమారు 7 వంతుల తేమను అధికముగా మోయగలదనియు శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఆ తేమయే కురిసినప్పుడు కుంభవృష్టియగును. వేసవిలో మరియొక చిక్కు. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తగ్గును. కొర్రమీను పైకి వచ్చి గాలి పీల్చుకొనగలదు. రవ్వ, బొచ్చెలకు ఆ శక్తి లేదు.

ఈ హింసకు కర్త ఎవడు? బొగ్గు కాల్చినవాడు చేపను చంపవలెనని కాల్చలేదు. సంకల్పము లేనిచోట పాపము లేదని కొందరందురు. వాదము వినుటకు ఇంపుగానే యుండును. కాని మనుస్మృతి మూడవ అధ్యాయము గృహస్థునకు ఐదు సూనలను, అనగా వధ్యస్థానములను చెప్పినది: పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీళ్లకుండ. అన్నము వండుకొనువాడు చీమను చంపవలెనని నిప్పు రాజేయడు. అయినను ఆ హింస అతనిని అంటును. అట్లని పొయ్యి ఆర్పుమని శాస్త్రము చెప్పలేదు. పిల్లలకు అన్నము పెట్టవలదా! అతనిని ప్రతిదినము తీర్చవలసిన ఋణము గలవానినిగా చేసి, పంచమహాయజ్ఞములను విధించినది. వానిలో భూతయజ్ఞము ఇతర ప్రాణులకై పెట్టు బలి.

ఆ ఐదింట మొదటిది పొయ్యి. భూపాలపల్లి జిల్లా చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రము 1100 మెగావాట్ల పొయ్యి. మొరంచవాగు పారునదియు ఆ జిల్లాలోనే. పొరుగున నున్నదని ఆ ఒక్కదానినే నిందించుట న్యాయము కాదు. ప్రపంచమందలి పొయ్యిల పొగ అంతయు ఒకే ఆకాశమున కలియుచున్నది. ఇంటి పొయ్యికి పిడికెడు మెతుకులు చాలినవి, దీనికి చాలవు. అందరి ఋణమును సమానము కాదు. చెరువునే నమ్ముకొని ఒక్క దీపముతో బ్రతుకు జాలరి పాలు స్వల్పము. పది గదులను రేయింబవళ్లు చల్లబరచుకొనువాని పాలు పెద్దది. చేప తగ్గిన యేట పస్తుండువాడు మాత్రము జాలరియే. పుణ్యమునకై చేపలను కొని నదిలో విడుచువారు ఈ లెక్కను కూడ చూచుకొనవలెను.

ఒడ్డునగల తుంగను పెరికి రాతికట్టడములు లేపకుండుట, పిల్లలతో తిరుగు చేపపై వల వేయకుండుట, అక్కఱలేని దీపమును ఆర్పుట నేటి భూతబలిలో చేరును. దేవాలయములు ఇందుకు వెలియైనవి కావు. ఉత్సవదినములలో గోపురముపై తెల్లవారువరకు వెలుగు దీపమాలలకు శక్తి చాలవరకు బొగ్గు పొయ్యిలనుండియే వచ్చుచున్నది. పవళింపుసేవ ముగిసి తలుపులు మూసిన పిమ్మట అవి ఎవరికొరకు వెలుగుచున్నవో ధర్మకర్తలు ఆలోచింపవలెను.