అమ్మమ్మ పట్టుకున్న ఒత్తు: భాగవతం పుస్తకంలో చదవాలా, ఈ-రీడర్‌లో చదవాలా?

వీడియోల కింద ఈ మధ్య ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. "గురువుగారూ, హాస్టల్లో ఉంటాను, పుస్తకం పెట్టుకునే చోటు లేదు. ఈ-రీడర్‌లో పారాయణ చేస్తే ఫలితం ఉంటుందా?" అని. అవును, కాదు అని ఒక్క ముక్కలో తేల్చేసే ప్రశ్న కాదిది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మా అమ్మమ్మగారి ఊరు నూజివీడు పక్కనే. ఇప్పుడు ఏలూరు జిల్లా అంటున్నాం గానీ ఆవిడకి ఇంకా కృష్ణా జిల్లానే. పోయిన వేసవిలో వెళ్లాను. లోపలి గదిలో ఎండుగడ్డి పరిచి చిన్నరసాలు మాగేశారు. ఆ వాసన వీధి గుమ్మం దాకా వస్తోంది. వసారాలో వ్యాసపీఠం మీద పోతనగారి భాగవతం ఉంది, అట్ట ఊడిపోయి, దారంతో కట్టి. కానీ తెరిచి చాలా రోజులైందట. కంట్లో శుక్లాలు. "అక్షరం కనపడుతుంది రా, ఒత్తులే కనపడట్లేదు" అంది.

నా దగ్గర ఈ-రీడర్ ఉంది కదా. భాగవతం అందులోకి ఎక్కించి, అక్షరాలు పెద్దవి చేసి చేతిలో పెట్టాను. "పలకలా ఉందేంట్రా" అని నవ్వింది. వేలు తగిలినప్పుడల్లా పేజీ తిరిగిపోతోంది, దాన్ని కసురుకుంది. కాసేపటికి అలవాటు పడింది. ఎన్నో నెలల తర్వాత తన కళ్లతో తాను ఒక పద్యం చదువుకుంది. ఆ ముఖం చూశాక, 'యంత్రంలో భగవంతుడు ఉంటాడా' అనే ప్రశ్న నాకిక రాలేదు.

రెండో పద్యంలో ఆగింది. "ఇది తప్పు. 'ఫలము' ఉండాలి, 'పలము' అని పడింది. ఒత్తు పోయింది."

నేను వంగి చూశాను. నిజమే. ఆ చిన్న గీత లేదు. ఫలం అంటే పండు, పలం అంటే తూకంలో ఒక కొలత. నేనైతే గడగడా చదువుకుంటూ పోయేవాణ్ణి. సరిగ్గా కనపడని కళ్లతో ఆవిడ ఎలా పట్టుకుంది? కళ్లతో కాదండి. ఆ పద్యం ఆవిడ లోపల ఉంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. భాగవతం తనను తాను ఏమని చెప్పుకుంటుందో తెలుసా? సంస్కృత మూలంలో మొదటి స్కంధం మొదట్లోనే ఉంది. వేదం ఒక కల్పవృక్షం. దాని నుంచి మాగి రాలిన పండు ఈ భాగవతం. శుకుడి నోరు తగిలి ఇంకా మధురమైంది. శుకం అంటే చిలక కదా! చిలక కొట్టిన పండు ఎంత తియ్యగా ఉంటుందో తోటల్లో పెరిగిన పిల్లల్ని అడగండి. ఇంకో సంగతి. వ్యాసులవారు ఈ పండుని "తినండి" అనలేదు, "తాగండి" అన్నారు. బంగినపల్లి అయితే కోసుకుని తింటాం. రసం అలా కాదు. వేళ్లతో మెత్తగా నలిపి, ముచ్చిక తీసి, నోట పెట్టుకుని తాగాలి. నూజివీడు వాళ్లకి ఆ శ్లోకం అర్థం చెప్పక్కర్లేదు!

పండు గంపలో వచ్చిందా, అట్టపెట్టెలో వచ్చిందా అన్నది రెండో మాట. పరీక్షిత్తు మహారాజు చేతిలో పుస్తకమే లేదు. ఏడు రోజుల్లో ప్రాణం పోతుందని తెలిసి, గంగ ఒడ్డున కూర్చుని చెవులతో తాగాడు. ఆ తర్వాత తాటాకు వచ్చింది, అచ్చు వచ్చింది, ఇప్పుడు తెర వచ్చింది.

అలాగని గంప ఏదైనా ఒకటేనా? కాదు. గంప బాగోకపోతే కాయ నలుగుతుంది. అందుకని మంచీ చెడూ రెండూ చూద్దాం.

మంచి ఏంటంటే, అక్షరం పెద్దది చేసుకోవచ్చు. ఇంక్ తెర ఫోన్‌లా కళ్లలోకి వెలుగు కొట్టదు. వాట్సాప్ మోత ఉండదు. 12 స్కంధాలూ సంచిలో ఓ మూల పడుంటాయి. టీటీడీ ఎన్నో గ్రంథాలను ఉచితంగా పీడీఎఫ్‌లుగా ఇస్తోంది, తెలుగు వికీసోర్స్‌లో పోతన భాగవతం ఉంది.

చెడు కూడా వినండి. 2016లో కిండిల్‌లో ఒకేసారి ఐదు భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెడితే, వాటిలో మన తెలుగు లేదు. స్కాన్ చేసిన పాత పుస్తకాన్ని ఆరంగుళాల తెర మీద చూస్తే ఒత్తులు అలుక్కుపోతాయి. డబ్బు పెట్టి కొన్న ఈ-పుస్తకం చాలాసార్లు మన సొంతం కాదు, చదువుకోవడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే. 2009లో ఆర్వెల్ నవలల్ని అమెజాన్ పాఠకుల కిండిల్‌లలోంచి వెనక్కి తీసేసుకుంది. వ్యాసపీఠం మీది పుస్తకాన్ని అలా ఎవరూ తీసుకెళ్లలేరు. ఇంకోటి, తెరిచి ఉన్న పుస్తకం ఇంటికొచ్చినవాళ్లని "కూర్చో" అంటుంది. మూసి ఉన్న ఈ-రీడర్ ఎవర్నీ పిలవదు.

అన్నిటికంటే పెద్ద చెడు నాలోనే ఉంది. నా ఈ-రీడర్‌లో నలభై పుస్తకాలున్నాయి. పూర్తి చేసినవి ఎన్నని అడక్కండి. దించుకోవడాన్నే చదవడం అనుకున్నాను. కార్బైడ్ పెట్టిన కాయ చూశారా? పైన పసుపు, లోపల పులుపు. నా చదువూ అంతే.

ఆ రాత్రి కరెంటు పోయింది. ఈ-రీడర్ వెలుగులో గజేంద్రమోక్షం నేను చదువుతుంటే అమ్మమ్మ నవారు మంచం మీద పడుకుని వింటోంది. మధ్యలో "ఎక్కడిదాకా వచ్చాం రా?" అంది. నేను తెర కింద చూసి "62 శాతం అమ్మమ్మా" అన్నాను. "శాతం ఎవడిక్కావాలి? ఏనుగు ఇంకా మడుగులోనే ఉందా, లేదా?"

దానికి నా దగ్గర వెంటనే జవాబు లేదండి. చదువుతున్నది నేనే. ఏనుగు ఎక్కడుందో మాత్రం తెలియలేదు.

పోతనగారి భాగవతం మొత్తం ఆయన రాసిందే మనకి దక్కలేదు. కొన్ని భాగాలు శిథిలమైపోయాయని సంప్రదాయంలో చెప్పుకుంటారు. ఈరోజు మనం చదివే పంచమ స్కంధం గంగనగారిది, షష్ఠం సింగనగారిది, ఏకాదశ ద్వాదశాలు నారయగారివి. ఆకులు పోయినా భాగవతం ఆగలేదు, దాన్ని లోపల నింపుకున్న మనుషులు ఉన్నారు కాబట్టి. పుస్తకానికి చెద పడుతుంది, ఈ-రీడర్‌కి బ్యాటరీ అయిపోతుంది. ఒత్తు పోయినప్పుడు "ఇది తప్పు" అని చెప్పే మనిషి మీ ఇంట్లో ఎవరు? అమ్మమ్మ తర్వాత ఎవరు?

కాబట్టి నా జవాబు ఇది. హాస్టల్లో ఉన్నారా, నిశ్చింతగా ఈ-రీడర్‌లో చదవండి. చదివే వేళకి దాన్ని గ్రంథంగానే చూడండి, చెప్పుల పక్కన పెట్టకండి. వైఫై ఆపేయండి. రోజూ ఒకే వేళ, పైకి వినపడేలా చదవండి. ఇంట్లో మాత్రం ఒక్క అచ్చు ప్రతి ఉంచండి, అనుమానం వచ్చినప్పుడు ఒత్తు సరిచూసుకోవడానికి, పిల్లల కంట పడడానికి. ముందు ఒకటే సంకల్పం: గజేంద్రమోక్షం ఒక్కటే, ఏడు రోజులు. ఎనిమిదో రోజు రెండూ మూసేసి ఒక్క పద్యం చెప్పి చూడండి. వస్తే పండు మాగినట్టే.

ఈసారి సెలవులకి ఊరెళ్తే పెద్దవాళ్ల పక్కన కూర్చుని చదవండి. తప్పు చదివితే దిద్దుతారు. ఆ దిద్దుబాటు ఏ యాప్‌లోనూ దొరకదు.

శ్రీకృష్ణార్పణమస్తు.