సుద్దముక్క చూపిన గీత



పాడైన వస్తువును పారవేయవలెనా, బాగుచేసి వాడుకొనవలెనా? ఈ ప్రశ్న మన ఇండ్లలో కొత్తది కాదు. బ్రతుకుదెరువు కొరకు ఊరు విడిచి వచ్చిన మన పెద్దలు చిరిగిన చీరలను బొంతలుగా కుట్టుకొన్నారు, చిల్లుపడిన బిందెలకు మాటు వేయించుకొన్నారు. ఆ పొదుపుతోనే మనము చదువుకొన్నాము. కాబట్టి పాతదానిని వాడుట తప్పని మేము ఎన్నడును చెప్పము. అయితే పొదుపునకు ఒక హద్దు ఉన్నది. అది ఎక్కడ ఉన్నదో మాకు బడిలో కాదు, బళ్లారిలో ఒక లారీ షెడ్డులో తెలిసినది.

మా దగ్గర చదువుకొన్న ఒక యువకుడు అక్కడ డీజిలు ఇంజన్లు విప్పి బిగించే పని చేయుచున్నాడు. ఒక సాయంకాలము అతడు మా ఇంటికి వచ్చి, "అయ్యవారూ, ఒకసారి షెడ్డు దాకా వస్తారా? ఒక మాట అడగాల" అన్నాడు. వెళ్లి చూడగా, సండూరు కొండల నుండి ఇనుప ఖనిజము మోసే లారీ ఇంజను విప్పి పరచి యున్నది. ఆయిలు తగ్గి ఒక బేరింగు కాలిపోయి, క్రాంకు షాఫ్టు మీద గీతలు పడినవట. దానిని లేతు షాపులో పావు మిల్లీమీటరు గ్రైండింగు చేయించి, ఆ కొలతకు తగిన అండర్‌సైజు బేరింగులు తెచ్చినాడు. "ఇది మామూలే అయ్యవారూ, గీతలు పోయినాయి. నా దిగులంతా ఇక్కడ" అని, బేరింగు కూర్చుండు చోటు పక్క అంచును కలిసే మూల వంపును చూపినాడు.

మాకేమియు కనబడలేదు. అతడు అక్కడ కిరసనాయిలు పూసి, కొంతసేపు నాననిచ్చి, శుభ్రముగా తుడిచి, సుద్దపొడి చల్లినాడు. కొద్ది నిమిషములకు ఆ తెల్లని పొడి మీద వెంట్రుకంత తడి గీత తేలినది. ముప్పై ఏండ్లకు పైగా సుద్దముక్క పట్టిన మాకు, అది ఇట్టి పాఠము కూడ చెప్పగలదని ఆ దినముననే తెలిసినది.

ఆ లారీకి యజమాని, డ్రైవరు ఒక్కడే. అప్పు తీసి కొన్న బండి. అది నిలిచిన ప్రతి దినము అతనికి కూలి పోవుచున్నది, వాయిదా మాత్రము ఆగుట లేదు. కొత్త క్రాంకు కొనే శక్తి లేదు. "కంటికి కూడా కనపడని గీత కదన్నా, వేసేయ్. ఏమన్నా అయితే నాదే బాధ్యత" అన్నాడు. అప్పుడు మా శిష్యుడు మావైపు తిరిగి, "సొంతదారే వేయమంటాన్నాడు. వేస్తే తప్పా అయ్యవారూ?" అని అడిగినాడు.

మేము ఇంజను పని ఎరిగినవారము కాము గనుక ముందు అతనినే అడిగి తెలిసికొన్నాము. గీత వేరు, పగులు వేరు అన్నాడు. గీతను మైక్రోమీటరుతో కొలవవచ్చును, అరగదీసి సరిచేయవచ్చును. పగులు ఉన్నచోట ఉండదు. నిమిషమునకు 2000 చుట్లు తిరిగే ఇంజనులో డీజిలు మండిన దెబ్బ ఆ పిన్ను మీద రెండు చుట్లకు ఒకసారి పడును. అనగా నిమిషమునకు 1000, గంటకు 60,000. ఎనిమిది గంటల ప్రయాణములో 4,80,000 దెబ్బలు! ఏ దెబ్బకు విరుగునో ఎవరును చెప్పలేరు.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. పాసు మార్కు 35 ఉండగా 33 వచ్చిన పిల్లవానికి రెండు మార్కులు కలిపి పైతరగతికి పంపిన దినములున్నవి. "కొంచెమే కదా" అనుకొన్నాము. కాని ఆ పిల్లవాడు పైతరగతిలో తడబడితే మరల కూర్చుండబెట్టి నేర్పుటకు సమయమున్నది. కొండ దిగుచున్న లారీకి ఆ సమయము లేదు. ఇంజను ఆగితే బ్రేకులకు గాలి నింపే కంప్రెసరు కూడ ఆగును. లోపము ఎంత చిన్నది అనునది ఒక ప్రశ్న. అది బయటపడిన దినమున దిద్దుకొను అవకాశముండునా అనునది అంతకంటె పెద్ద ప్రశ్న.

మరి యజమాని "నాదే బాధ్యత" అన్నాడు కదా? తన డబ్బుకు, తన బండికి అతడు పూచీ పడవచ్చును. క్యాబినులో నిద్రపోవు క్లీనరు ప్రాణమునకు, ఎదురుగా సైకిలు మీద వచ్చువాని ప్రాణమునకు పూచీ పడు అధికారము అతనికి ఎవరిచ్చిరి? వారిని అడుగలేదు, వారు ఒప్పుకొనలేదు. అపాయమును భరించువాడు ఒకడు, పొదుపు అనుభవించువాడు మరొకడు అయినప్పుడు దానిని పొదుపు అనరాదు.

తెలియక జరిగిన దానికే ఎంత నష్టము కలిగినదో చూడండి. 1989 జూలై 19న అమెరికాలో ఒక పెద్ద విమానము వెనుక ఇంజనులోని టైటానియం చక్రము గాలిలో పగిలిపోయినది. 296 మందిలో 112 మంది చనిపోయిరి. ఆ చక్రము అంతకు ముందు తనిఖీకి వచ్చినప్పుడే పగులు అందులో ఉన్నదనియు, తనిఖీ చేసినవారి కంటికి అది అందలేదనియు విచారణలో తేలినది. ఆ కన్ను పొరబడినది. కాని చూచిన పగులును చూడనట్లు బిగించుట పొరబాటు కాదు.

అలాగని ప్రతి పాత సామానును పారవేయుమను మెస్త్రీ కూడ యథార్థవంతుడు కాడు. బాగున్న లైనరును, పిస్టనును "పనికిరావు" అని బిల్లు పెంచువాడు భయమును అమ్ముకొనుచున్నాడు. మా శిష్యుడు కొలిచి చూచి నాలుగు పిస్టన్లను తిరిగి వాడినాడు. హెడ్ గ్యాస్కెట్టు, కనెక్టింగ్ రాడ్ బోల్టులు మాత్రము కొత్తవే వేసినాడు. క్రాంకు వేయనన్నాడు.

"వద్దు" అని చెప్పి మేము ఇంటికి బయలుదేరితిమి. దారిలో మా మనస్సాక్షి మమ్మును నిలదీసినది. మా మాటకు మాకు పైసా ఖర్చు లేదు. ఆ పేదవానికి మాత్రము నెలల కూలి. మరుసటి దినము మేము నలుగురు పెద్దలము కూడుకొని కొంత చేబదులు ఇచ్చితిమి. శిష్యుడు తన కూలి నిదానముగా తీసికొందునన్నాడు. పాత సామాన్ల అంగడిలో వాడిన క్రాంకు ఒకటి తక్కువ ధరకు దొరికినది. దానికి కూడ కిరసనాయిలు పూసి సుద్దపొడి చల్లినాడు. గీత తేలలేదు. అంతటితో తృప్తిపడక, అయస్కాంత పరీక్ష చేయు షాపుకు పంపి చూపించి గాని బిగించలేదు. చూడండి, అదియు పాతదే!

పగిలిన క్రాంకును గుజరీకి వేయబోగా అతడు యజమానిని అడిగి, గ్యాసుతో దానిని రెండు ముక్కలు చేసినాడు. ఎందుకని అడిగితిమి. "అట్లే వేస్తే ఎవరో నునుపు చేసి ఇంకొకనికి అమ్ముతారు అయ్యవారూ" అన్నాడు. ఆ మాట మాకు తోచలేదు.

పొరుగూరిలో బ్రతుకు మనకు నమ్మకమే ఆస్తి. "వద్దు" అని చెప్పవలసిన చోట చెప్పుదము. అయితే వద్దని చెప్పిన నోటి వెంట బరువు మోయు భుజము కూడ ఉండవలెను.