నాకు దక్కిన రాయితీ

కార్ల గురించి, కరెంటు గురించి, ప్రభుత్వాల గురించి నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. ఆఫీసులో, బంధువుల ఇళ్ళలో, పెళ్ళి భోజనాల దగ్గర వాటిని మొహమాటం లేకుండా చెబుతాను. ఈ మధ్య మాత్రం ఒక సందేహం వదలడం లేదు. ఇవి ఆలోచించి ఏర్పరచుకున్న అభిప్రాయాలేనా, లేక నాకున్న సౌకర్యమే నా చేత ఇలా మాట్లాడిస్తోందా?

ఎలక్ట్రిక్ కారు సంగతే తీసుకుంటాను. హైదరాబాద్‌లో నడిపేది అదే. మంచి బండి అని మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. పెట్రోలు ఇంజన్‌లో ఇంధనపు శక్తి చాలావరకు వేడిగా పోతుంది. కరెంటు మోటారు తనకు అందినదాన్ని చాలామటుకు చక్రాలకు చేరుస్తుంది. వీధిలో పొగ వదలదు. రోజంతా సిగ్నల్ దగ్గర నిలబడే ట్రాఫిక్ కానిస్టేబుల్‌కి, రోడ్డు పక్కన పూలమ్ముకునే మనిషికి అది నిజమైన మేలు.

కానీ నేను ఛార్జింగ్ పెట్టేది రాత్రిపూట. అప్పుడు ఎండ ఉండదు. కర్నూలు దగ్గర దాదాపు ఆరు వేల ఎకరాల్లో ఉన్న 1,000 మెగావాట్ల సోలార్ పార్కు నుంచి ఆ వేళలో కరెంటు రాదు. శ్రీశైలం, సాగర్‌లలో నీళ్ళుంటే కొంత జలవిద్యుత్తు వస్తుంది, మిగతా భారం చాలావరకు రామగుండం, కొత్తగూడెం బొగ్గు మీదే. 2025లో దేశపు స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్, డీజిల్ కాని వనరులదైంది. అయినా నిజంగా పుట్టే కరెంటులో పెద్ద వాటా ఇంకా బొగ్గుదే. ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నా పెట్రోలు కారుకన్నా ఇదే నయం. కాకపోతే మా వీధికి తప్పిన పొగ పొగగొట్టాల కింద బతికే ఊళ్ళకు తప్పలేదు. ఓపెన్‌కాస్ట్ గనుల దుమ్ము సింగరేణి ప్రాంతపు ఇళ్ళ మీద పడుతూనే ఉంది. నా కారు గురించి నేను చెప్పే మాటలో వాళ్ళ ఊరి ప్రస్తావన కూడా ఉండాలి.

ఇక డబ్బు సంగతి. 2024 నవంబరు నుంచి తెలంగాణలో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మినహాయించారు. నా బండి మీద అది రెండు లక్షల పైమాటే. అంతకు ముందటేడు డిసెంబరులో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. నేను కూర్చునే చోట్ల ఆ బస్సు టికెట్ మీద జరిగినంత చర్చ నా రోడ్డు పన్ను మీద ఎన్నడూ జరగలేదు. ఇలా పంచుకుంటూ పోతే ఖజానా ఏమవుతుందని బాధపడేవాళ్ళెవరూ నా కారు చూసి ఆ మాట అడగలేదు. అందుకే నన్ను నేనే అడుగుతున్నాను.

తెల్లవారకముందే బస్సెక్కి నాలుగిళ్ళలో పనికి వెళ్ళే ఆవిడకూ నాకూ అందింది ప్రజల సొమ్మే. గాలి బాగుపడాలన్నదే ఉద్దేశమైతే ఆవిడ చేస్తున్నది నాకన్నా ఎక్కువ. బస్సు యాభై మందిని మోసే రోడ్డు మీద నేనొక్కణ్ణే ఒక కారంత చోటు తీసుకుంటాను. అది కరెంటుతో నడిచినంత మాత్రాన ట్రాఫిక్‌లో చోటేమీ మిగలదు. కొత్త సాంకేతికత నిలదొక్కుకునే దాకా ఆసరా ఇవ్వడం సబబే, ఆ వాదన నాకిప్పటికీ నచ్చుతుంది. అయితే రెండు రాయితీలనూ ఒకే తక్కెడలో తూచాలి.

విద్యుత్ ఛార్జీల పెంపు వద్దన్న ఉద్యమం మీద 2000 ఆగస్టులో బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ముగ్గురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఖర్చు ఎవరి మీద పడాలన్నది ఇక్కడ కాలక్షేపానికి మాట్లాడుకునే విషయం కాదు. నాకు లాభం తెచ్చే అభిప్రాయాన్ని నేను రెండింతలు అనుమానించాలి.

నా పన్ను మినహాయింపుకు 2026 డిసెంబరు నెలాఖరు దాకా గడువు పెట్టారు. దాన్ని పొడిగించమని నాలాంటి కార్లవాళ్ళ తరఫున నేను అడగను. ఆ డబ్బుతో మరిన్ని కరెంటు బస్సులు కొనమని, పొద్దున్నే పనికి వెళ్ళేవాళ్ళు నిలబడే స్టాపులకు ముందుగా వాటిని పంపమని అడుగుతాను.