బదులు పనియు వెట్టిచాకిరియు

ఊడ్పుల కాలమున మన పల్లెలలో ఒక చక్కని యాచారము కలదు. నేడొక రైతు పొలములో ఇరుగుపొరుగువారు వచ్చి నాట్లు వేయుదురు. రేపా రైతింటివారు పోయి వారి పొలములో వేయుదురు. దీనినే బదులు పని యందురు. కూలి యిచ్చి పుచ్చుకొనుట యిందు లేదు. యంత్రములు వచ్చిన పిదప ఇది తగ్గినదే కాని పూర్తిగా నంతరింపలేదు. ఈ పద్ధతిని పట్టణములలోని గృహస్థులును ఏల యవలంబింపరాదు? ఒకరికి కుట్టుపని తెలియును. వేరొకరు పిల్లలకు గణితము చెప్పగలరు. మరియొకరు చెడిన విద్యుద్దీపమును బాగుచేయగలరు. వీరు తమ నేర్పులను ఒండొరులతో మార్చుకొన్నచో ధనమును మిగులును, స్నేహమును పెరుగును.

ఇంతవరకు అందరును ఒప్పుకొందురు. అయితే కొందరు మిత్రులు ఇంకను ముందునకు పోయి, మనుష్యుల మధ్య రూపాయయే అడ్డుగోడ యనియు, అది లేని పూర్వపు గ్రామములో అందరును ఒక కుటుంబమువలె నుండిరనియు చెప్పుచున్నారు. ఈ మాటను మేము ఒప్పుకొనజాలము.

ఆ గ్రామమును కొంచెము దగ్గరగా చూతము. చాకలి, మంగలి, కుమ్మరి, వడ్రంగి మొదలగువారు ఏడాది పొడుగునను ఊరివారికి పనిచేసి, కోతల కాలమున కళ్లముకడ మేర యను పేర కొంత ధాన్యము పొందెడివారు. రొక్కము లేదన్నమాట నిజమే. కాని ఆ మేర చాలదని చెప్పుటకు చాకలికి నోరుండెనా? "నేడు నీ బట్టలుతుకను" అని యనగలిగెనా? రైతెన్నడైనను అతని పనిని తాను బదులు చేసెనా? నైజాము రాజ్యములోని తెలంగాణమున ఈ యసమానత మరింత ముదిరి వెట్టిగా మారెను. దొరల గడీలకు కుమ్మరి కుండలను, చాకలి చాకిరిని ఉచితముగా నీయవలసివచ్చెను. 1946వ సంవత్సరమున ఆరంభమైన రైతాంగ పోరాటమునకు ఈ వెట్టి యొక ముఖ్యకారణము. 1950వ సంవత్సరమున అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము తన 23వ అధికరణములో వెట్టిని నిషేధించినది. తరతరములుగా అట్లు బ్రతికినవారికి చేతిలో పడిన కూలిడబ్బు, వలదని చెప్పి వేరొకచోటికి పోగల స్వేచ్ఛను ఇచ్చినది.

కావున రూపాయి లేకుండుటలోనే పుణ్యము లేదు. మరి బదులు పనికిని వెట్టికిని గల భేద మెచ్చట నున్నది? మా యభిప్రాయమున రెండు విషయములలో. మొదటిది, వలదనగల హక్కు ఇరువురకును ఉండవలెను. రెండవది, ఇరువురి కాలమునకును ఒకటే కొలత యుండవలెను. జపానుదేశములో తెరుకో మిజుషిమ యను గృహిణి 1973వ సంవత్సరమున ఒసాకా నగరమున స్వచ్ఛంద శ్రమకొక బ్యాంకును స్థాపించినది. అందు ఒకరి గంటసేపు సేవకు వేరొకరి గంటసేపు సేవ సమానము. ఇంటిపనికి గంట విలువ కట్టవచ్చునని ఆమె చూపినది.

"ఏండ్లకొలది చదివిన వైద్యుని గంటయు, ఇల్లూడ్చువాని గంటయు నొకటేనా?" యని యడుగువారుందురు. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. చదువునకైన కాలమును ధనమును లెక్కింపవలసినవే. అంగడిలో అవి లెక్కకు వచ్చుచునే యున్నవి. వైద్యుని ఫీజు మానుకొమ్మని ఎవరును నిర్బంధించుట లేదు. కాని పొరుగువానిగా వచ్చినపుడు, గడచిన గంట యిరువురి యాయుస్సునుండియు ఒకే రీతిని తరుగును. ఆ సమత్వము నంగీకరింపలేనివారు ఫీజు పుచ్చుకొనుటయే నిజాయితీ.

ఇక మన యిండ్లను చూచుకొందము. పనిమనిషికి జీతము పెంచుటకు మారుగా పాత చీరయు, మిగిలిన కూరయు నిచ్చి, "ఆమె మా యింటి మనిషియే" యనుకొనుట పరిపాటి. ఇది మేర యొక్క క్రొత్తరూపే. ఆమెకు రొక్కమే యీయవలెను. అటులనే, కుట్టుపని తెలిసిన పొరుగింటి ఇల్లాలిని "వదినగారూ, ఒక్క రవికయే గదా" యని నెలనెలయు అడుగుటయు ఉచితము కాదు. మొగమాటముచే ఆమె కాదనజాలదు. తిరిగి తానేమియు అడుగజాలదు. స్నేహములో లెక్కలేమిటి యని కొందరందురు. లెక్క లేనిచోట నష్టపడువారు మొగమాటము గలవారే, అందును తరచుగా స్త్రీలే. ఒక చిన్న పుస్తకములో ఎవరెన్ని గంటలు పనిచేసిరో వ్రాసికొనుట స్నేహమునకు రక్ష యని మేము తలంచుచున్నాము.

చదువరులు తమ వీధిలో ఇట్టి బదులు పనిని ఆరంభింపవలెనని మా కోరిక. అంతకుముందు తమ్ముదా మొక ప్రశ్న వేసికొందురుగాక: మనము సాయమడుగబోవు వ్యక్తి "నేడు వీలుపడదు" అని జంకులేక చెప్పగలరా? చెప్పగలరేని అడుగుడు, వారి పనియు చేసిపెట్టుడు. చెప్పలేరేని, మొదట వారి కూలిని లెక్కగట్టి చేతిలో పెట్టుడు.