కంటికి కనబడని పొరుగువాడు



ధర్మవరంలో మరమగ్గం ఆడుతున్నప్పుడు, హిందూపురం పల్లెల్లో మల్బరీ తోటకు బోరు మోటారు వేసినప్పుడు, పెనుకొండ దగ్గరి కార్ల ఫ్యాక్టరీలో పని నడుస్తున్నప్పుడు, ఆ కరెంటు ఎక్కడిదని మనం అడగం. అనేక కేంద్రాల కరెంటు గ్రిడ్డులో కలిసి మనకు చేరుతుంది. కడప జిల్లా ముద్దనూరు దగ్గర 1994లో మొదలైన రాయలసీమ థర్మల్ కేంద్రానిదీ అందులో ఒక పాలు.

బొగ్గులో పాదరసం ఉంటుంది. టన్నుకు గ్రాము కూడా ఉండదు. కాని కాలే బొగ్గు లక్షల టన్నులు. మంటకు ఆవిరైన పాదరసంలో కొంత బూడిద పట్టే యంత్రాలకు చిక్కుతుంది. మిగిలినది నెలల తరబడి గాలిలో తిరిగి, ఎక్కడో నేలకు దిగుతుంది. చెరువులో సూక్ష్మజీవులు దాన్ని మరింత విషంగా మారుస్తాయి. చిన్న చేప నుంచి పెద్ద చేపకు పోయేకొద్దీ అది చిక్కబడుతుంది. తల్లి తిన్న చేప ద్వారా గర్భంలోని శిశువు మెదడును చేరుతుంది. శుక్రవారం మాంసం మాని చేప వండుకునే మనకు ఇది పరాయి సంగతి కాదు. (చేపలు మానేయమని అనడం లేదు సుమా!)

2015 డిసెంబరులో కేంద్రం ఘనపు మీటరు పొగలో పాదరసం 0.03 మిల్లీగ్రాములు మించరాదంది. అయితే 2003కు ముందు కట్టిన, 500 మెగావాట్లలోపు యూనిట్లకు ఆ హద్దు పెట్టలేదు. ముద్దనూరు తొలి యూనిట్లు 210 మెగావాట్లవి. గంధకపు పొగను కడిగే యంత్రాలు పాదరసాన్నీ కొంత పట్టుకుంటాయి. వాటి గడువు పలుమార్లు జరిపి, 2025 జూలైలో, పెద్ద నగరాలకూ మితిమీరి కలుషితమైన ప్రాంతాలకూ దూరంగా ఉన్న కేంద్రాలకు అవి అక్కరలేదన్నారు. మన బొగ్గులో గంధకం తక్కువన్నారు. గంధకం మటుకు ఆ వాదనలో నిజం ఉండవచ్చు. ఖర్చు కరెంటు బిల్లు మీదికే వస్తుందన్నదీ నిజమే; నేతగాడికి యూనిట్టుకు పావలా కూడా బరువే. కాని పాదరసానికి దూరం లెక్క చెల్లదు.

మంచి సమరీయుడు దెబ్బలు తిన్నవాణ్ణి కళ్లారా చూశాడు, ఆగాడు. యాజకుడూ లేవీయుడూ చూసి తప్పుకుపోయారు. మనమో, చూడకుండానే తప్పుకుపోగలం. ఇక్కడ గాయపడేవాడు కనబడడు, ఒక్కోసారి ఇంకా పుట్టనైనా లేదు. స్విచ్చి వేయడం పాపమని నేననను. పాపసంకీర్తనంలో అది చెప్పుకోమనీ అనను. కాని చేయవలసిన మేలు చేయకపోవడం కూడా పాపమేనని శ్రీసభ నేర్పుతోంది కదా. తెలిసీ అడగకపోవడం ఆ లెక్కలోకి రాదా?

అడగడానికి చోటు లేకపోలేదు. కరెంటు చార్జీలు నిర్ణయించే ముందు విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ జరుపుతుంది. ఎవరైనా రాసి అడగవచ్చు. మనం బిల్లు గురించే అడుగుతాం. ఈసారి ముద్దనూరు చిమ్నీలో పాదరసం కొలుస్తున్నారా, ఎంత వస్తోంది అని కూడా ఒక కాగితం మీద రాసి పంపుదాం. దాన్ని ఆపేందుకు బిల్లు ఎంత పెరిగితే ఓర్చుకుంటామో అందులోనే రాయవలసి ఉంటుంది.